మూడో పాటలో ఖాళీ

ఆగస్టు 8, శుక్రవారం

ఇది మా బస్సుల డిపోలో మిగిలిపోయిన జాబ్ కార్డుల పుస్తకం, బండి రిపేర్లు రాసుకునేది. నేను రిటైరైన రోజున స్టోరు గుమాస్తా "ఉంచుకో మేస్త్రీ, చిత్తు రాతలకి పనికొస్తుంది" అని నా సంచిలో పడేశాడు. పదకొండేళ్ళు అటక మీద పడి ఉంది. ఇవాళ స్టూలేసుకుని నేనే దింపాను. ప్రతి పేజీ అడుగునా మూడు గళ్ళు అలాగే ఉన్నాయి. లోపం, చేసిన పని, సంతకం. ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను రాసిన రాతంతా ఆ మూడు గళ్ళలోనే. వాటి పైనున్న జాగాలో ఏం రాయాలో ఎప్పుడూ తోచలేదు. ఇవాళ తోచింది.

అమ్మాయి రికార్డు వస్తోంది!

ఇంకోసారి రాస్తాను, ఎవరు అడ్డొస్తారు? అమ్మాయి రికార్డు వస్తోంది! మా ఆవిడకి చెబితే "పొద్దున్నించి ఇది పదమూడోసారి" అంటుంది. లెక్క పెడుతోందంటే తనకీ సంతోషమేగా.

శుక్రవారం మా ఇంట్లో కొత్త రికార్డుల రోజు. లోకంలో ఏ మూల జాజ్ వాళ్ళు రికార్డు చేసినా శుక్రవారమే వదులుతారట. అమ్మాయి పొద్దున్నే మూడు ఏరి వినిపిస్తుంది. వినడం ఒక ఎత్తు, వినిపించాక వాళ్ళెవరో చదివి చెప్పడం ఒక ఎత్తు. బానెట్ ఎత్తి చూపించకపోతే నాకు తృప్తి ఉండదని దానికి తెలుసు. ఇవాళ వచ్చిన వాటిలో ఒకటి ట్రంపెట్ ఆయనది. నలభై ఏళ్ళు తపాలా బండి తోలాడట. తన పేరుతో ఇదే మొదటి రికార్డు. వయసు డెబ్భై ఒకటి! నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆ ఊదుడులో ఎక్కడా ఆయాసం లేదు. ఊపిరి ఎక్కడ దాచుకున్నాడో మహానుభావుడు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను.

అది అయ్యాక అమ్మాయి నెమ్మదిగా అంది. "నాన్నా, అక్టోబరు పదిన వచ్చే వాటిలో ఒకటి మనది."

మనది అంది. నాది అనలేదు.

లోపం: లేదు.
చేసిన పని: విన్నాను.
సంతకం పెట్టేశాను కూడా.

ఆగస్టు 9, శనివారం

పద్నాలుగు, పదిహేను, పదహారు. మా ఆవిడ ఇంకా లెక్క పెడుతోంది.

ఆగస్టు 14, గురువారం

సాయంత్రం ముందు గదిలో రిహార్సలు. సోఫా నిలబెట్టేశాం. అమ్మాయి వాయించే నిలువెత్తు ఫిడేలు, దాన్ని డబుల్ బేస్ అంటారు, గుమ్మంలోంచి లోపలికి రావాలంటే పెళ్ళికూతుర్ని తెచ్చినంత జాగ్రత్త. అమ్మాయి దానికంటే జానెడు పొట్టి.

నలుగురు. బేస్ మా అమ్మాయి. డ్రమ్ములు పళ్ళ డాక్టరు, వారంలో అయిదు రోజులు పళ్ళు పీకి శని ఆదివారాలు బ్రష్షులతో డ్రమ్ము మీద రుద్దుతూ కూర్చుంటాడు. శాక్సఫోన్ టీచరమ్మ, ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. పియానో మాస్టారు. మా అమ్మాయికి పదకొండో ఏట సంగీతం మొదలుపెట్టించిన మనిషి. డెబ్భై నాలుగేళ్ళు. యాభై ఏళ్ళు హోటళ్ళలో, విందుల్లో, ఓడల మీద వాయించాడు. ఒక్క రికార్డులోనూ ఆయన వేలు లేదు. వాయించిందంతా జనం తిన్న ప్లేట్లతో పాటే కడిగేశారు.

నా మొదటి తప్పు ఇవాళే చేశాను. పళ్ళ డాక్టరు దెబ్బ వెంట్రుకవాసి వెనకపడుతోంది. నా చెవికి అది తెలియకుండా ఉంటుందా? పాట అయిపోగానే చెప్పేశాను.

"డాక్టరు గారూ, మీ టైమింగు ఒకసారి చూసుకోండి. కొంచెం లేటు కొడుతోంది."

గదంతా ఒకటే నవ్వు. పాపం ఆయన తల గోక్కుని, "బాబాయ్ గారూ, అంత లేటుగా కొట్టడానికే నాకు పదేళ్ళు పట్టింది" అన్నాడు.

మాస్టారు నాకు విడమరిచి చెప్పాడు. "మేస్త్రీ గారూ, కదిలే బస్సుని పరిగెత్తి పట్టుకునేవాడు ఒకడు. బస్సు కదిలాక, కండక్టరు ముఖం చూసి, జేబులు తడుముకుని, అప్పుడు కాలు పెట్టేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఎక్కుతారు. మాది రెండో రకం."

"రెండో రకం వాళ్ళే పడి పళ్ళూడగొట్టుకుంటారు" అన్నాను.

"అందుకేగా నన్ను పెట్టుకున్నారు" అన్నాడు డాక్టరు.

ఇంకొకటి గమనించాను. కాగితం మీద రాసి పెట్టుకున్నది అరపేజీ. వాయించింది పదకొండు నిమిషాలు! మిగతాదంతా అప్పటికప్పుడు. ఒకళ్ళు కథ చెబుతుంటే మిగతా ముగ్గురూ ఊఁ కొడతారు. ఆ ఊఁ కొట్టడంలోనే ఉంది మజా అంతా. ఊఁ కొట్టేవాడు మంచివాడైతే కథ తనకి తెలియని చోటికి కూడా పోతుంది. మళ్ళీ వాయించమంటే మళ్ళీ అది రాదు. వేరేది వస్తుంది. మా డిపోలో ఏ రెండు బస్సులూ ఒకలా నడవవని నేను చెబితే ఇంజనీరు నవ్వేవాడు. ఆయన్ని పిలుచుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి.

అందరూ వెళ్ళాక నా పాత స్క్రూ డ్రైవరు తెచ్చాను. కొస బేస్ చెక్కకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను, ఇంజిన్ బేరింగు వినేటప్పటిలా. "గీత పడిందంటే చూడు నాన్నా" అంటూనే అమ్మాయి తీగ మీటింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంజిన్ల ముందు నిలబడ్డాను. ఇంత శుభ్రమైన చప్పుడు వినలేదు. ఎక్కడా అరుగుదల లేదు.

ఆగస్టు 22, శుక్రవారం

రేపూ ఎల్లుండీ రికార్డింగు. మాస్టారు సాయంత్రం వచ్చి వరండాలో కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో నిమురుతున్నాడు.

"రెండు వేళ్ళు పొద్దున్నే నిద్ర లేవడం లేదండీ" అన్నాడు. "డాక్టర్లు చూశారు. పళ్ళ డాక్టరు కాదు, అసలు డాక్టర్లు. ఉన్నన్నాళ్ళు వాడుకోమన్నారు."

అమ్మాయికి తెలుసట. అందుకే ఇంత తొందర. కొత్త పాటలు ఆరు. అయిదింటిలో మాస్టారు పక్కన నడుస్తాడు. మూడోదాంట్లో మాత్రం ఆయన ఒక్కడే ముందు నడవాలి, అలా రాసింది అది. దానికి పేరు కూడా పెట్టలేదు, కాగితం మీద 'మూడోది' అని ఉంది, అంతే. యాభై ఏళ్ళ వాయింపుకి లోకంలో మిగలబోయే గుర్తు ఆ ఒక్క పాట.

మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఆయనే అడిగాడు.

"చచ్చిన ఇంజిన్ లేస్తుందని మీకెలా తెలిసేది మేస్త్రీ గారూ?"

చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఇంజిన్ లోపల చేతులు పెట్టి ఉంటారు. నేను స్క్రూ డ్రైవరు చెవికి ఆనించి వింటుంటాను. డ్రైవరు సెల్ఫ్ కొడుతుంటాడు. ఇంజిన్ లేవకముందే, ఒక గుటక ముందు, లోపల ఒక మెత్తటి చప్పుడు అవుతుంది. అది వినగానే "అందుకుంది!" అని అరవాలి. అందరూ చేతులు లాగేస్తారు. ఆలస్యంగా అరిస్తే వేళ్ళు పోతాయి. అందుకోకుండానే అరిస్తే ఆ మేస్త్రీ మాట ఇంకెవడూ నమ్మడు. నా షిఫ్టులో ఎవరి వేలూ పోలేదు. నా మాట అబద్ధమూ కాలేదు.

"ఒక గుటక ముందా!" అన్నాడు మాస్టారు. తల ఊపుతూ ఆ మాటే మళ్ళీ అనుకున్నాడు.

ఆగస్టు 23, శనివారం

స్టూడియో! గోడలకి తివాచీలు. కిటికీ లేదు. అద్దం వెనక సౌండాయన, ఆయన ముందు డిపో కంట్రోల్ రూములో కూడా లేనన్ని మీటలు. నలుగురూ ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా. నాకు మూలన చెక్క కుర్చీ. ఎర్ర దీపం వెలిగితే ఊపిరి కూడా మెల్లగా. మా ఆవిడ పొద్దున్నే "దగ్గొస్తే మింగండి" అని చెప్పి పంపింది. మింగాను. రోజంతా మింగుతూనే ఉన్నాను.

అయిదు పాటలు బంగారంలా వచ్చాయి. మూడోది మాత్రం మాస్టారు గోడ పట్టుకు నడిచినట్టు వాయించాడు. తప్పు లేదు. తప్పు లేదు గాని, రాలేదు. రేపు మళ్ళీ.

ఆగస్టు 24, ఆదివారం

ఎలా రాయను? నాకొచ్చిన చదువెంత, ఇదెంత? అయినా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మూడోది మొదలైంది. టీచరమ్మ నాలుగు మాటలు ఊది పక్కకి జరిగింది. మాస్టారి వంతు. రెండు చేతులూ వేశాడు. ఒక చరణమంత వాయించాడు, నిన్నటిలాగే, జాగ్రత్తగా. ఉన్నట్టుండి ఆగిపోయాడు. వేళ్ళు పియానో మెట్ల మీదే ఉన్నాయి, కదలడం లేదు. డాక్టరు బ్రష్షు గాలిలో ఆపేశాడు. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. గదిలో మిగిలింది మా అమ్మాయి ఒక్కతే. ధుం, ధుం, ధుం. తల ఎత్తలేదు. మాస్టారి వైపు చూడలేదు. అలా ఒక్కతే నడుస్తోంది. ఎంతసేపంటే, నా వీపు మీద చెమట కిందికి జారేంతసేపు.

అప్పుడు వచ్చింది పియానో. ఏం రావడం అది! అంతకుముందు ఆయన వాయించిందంతా వేరే ఎవరో వాయించారు. తొందర లేదు, భయం లేదు. ఒక మెట్టు నొక్కి, దాన్ని విని, ఆ తరవాత రెండోది. యాభై ఏళ్ళుగా ప్లేట్ల చప్పుడు కింద నలిగిపోయిన మాటలన్నీ వరసగా లేచి వచ్చి కూర్చున్నట్టు. నాకు కళ్ళు కనబడలేదు, అంత నీళ్ళు. మనసులో "అందుకుంది" అనుకున్నాను. మనసులోనే.

చివరి మెట్టు మోగి మోగి ఆరిపోయింది. ఎర్ర దీపం ఆరింది. ఎవరూ కదల్లేదు. సౌండాయన అద్దం వెనక తల పట్టుకున్నాడు. అందరూ నా వైపు చూశారు. తరవాత ఒకరినొకరు చూసుకున్నారు.

అమ్మాయి బేస్ పక్కన పెట్టి వచ్చి నన్ను కావిలించుకుంది. "కుర్చీ కిర్రుమంది నాన్నా. ఏం ఫరవాలేదు."

"అవును బాబాయ్ గారూ, కుర్చీ" అన్నాడు డాక్టరు.

"పాత కుర్చీ" అంది టీచరమ్మ.

మాస్టారు తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. తరవాత మళ్ళీ వాయించబోతే వేళ్ళు మాట వినలేదు.

లోపం: కుర్చీ.

ఆగస్టు 25, సోమవారం

నేను కదలనే లేదే. కుర్చీ ఎలా కిర్రుమంది?

ఆగస్టు 29, శుక్రవారం

మాస్టారిని ఆసుపత్రిలో చేర్చారు. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. మాట, మనిషి బాగానే ఉన్నారు. ఇక పియానో మాత్రం లేదు.

అమ్మాయి అయినా కొత్త రికార్డులు వినిపించింది. ఒకటి ఇద్దరక్కచెల్లెళ్ళది, ఒకరు పియానో, ఒకరు క్లారినెట్టు. ఏడేళ్ళు మాట్లాడుకోలేదట, రికార్డింగు రోజునే మళ్ళీ కలిశారట. పాటలో ఒక చోట ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు, కాదు నువ్వు చెప్పు" అన్నట్టు! నేను చప్పట్లు కొట్టాను. అమ్మాయి నవ్వింది గాని ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

మేడ మెట్ల మీద నిలబడి విన్నాను. వినకూడదు. విన్నాను.

అమ్మాయి ఫోనులో సౌండాయనతో. "తీసేస్తే పియానో కూడా పోతుందా? అంతా ఒకే గదిలో కదా, పియానో మైకులోకే వెళ్ళిపోయింది, ఆ... తెలుసు... శనివారంది వేసేయమంటారా? మీరే చెప్పండి, అందులో మాస్టారున్నారా?" తరవాత నెమ్మదిగా, "రికార్డు కంపెనీ ఆవిడ పన్నెండో తేదీలోగా చెప్పమంది."

అంటే ఆదివారం మూడోది వేసుకోవడానికి లేదు. శనివారంది వేస్తారు. గోడ పట్టుకు నడిచింది. మాస్టారి పేరు మీద లోకంలో అది మిగులుతుంది.

ఇదంతా ఒక కుర్చీ వల్ల! ఆ కుర్చీలో కూర్చున్నది నేను.

మా ఆవిడతో అంటే పప్పు చెరుగుతూ "ఆ కుర్చీ సంగతి వదిలెయ్యండి" అంది. నా ముఖం చూడకుండా అంది.

సెప్టెంబరు 5, శుక్రవారం, పొద్దున

వదలను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో లోపం దొరక్కుండా బండి వదల్లేదు. సంచి సర్దుకున్నాను. స్పానరు, నూనె డబ్బా, నాలుగు రకాల మేకులు, స్క్రూ డ్రైవరు. ఆ కుర్చీ ఏ కాలు దగ్గర, ఎంత సన్నగా కిర్రుమంటుందో పట్టుకుని సౌండాయనకి చెబుతాను. ఏ చప్పుడో కచ్చితంగా తెలిస్తే అదొక్కటే తీయడం తేలికవుతుందిగా. అమ్మాయికి చెప్పలేదు. కొత్త రికార్డులు సాయంత్రం వింటానన్నాను.

అదే రోజు, సాయంత్రం

కుర్చీ ముందుకి వంచాను, వెనక్కి వంచాను. ఎక్కి నిలబడ్డాను. బోల్తా కొట్టించి కీలుకీలుకీ స్క్రూ డ్రైవరు పెట్టి విన్నాను. సౌండాయన టీ గ్లాసు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"బాబూ, ఈ కుర్చీ కిర్రుమనదే!"

"ఒక్కోసారి... వాతావరణాన్ని బట్టి..."

"చెక్క సంగతి నాకు చెబుతున్నావా? ఆ ముక్క వినిపించు."

"వద్దు సార్. ఎందుకిప్పుడు."

"వినిపించు బాబూ. నేను మేస్త్రీని."

చెవులకి పెద్ద డిప్పలు తగిలించాడు. అమ్మాయి ఒక్కతే నడుస్తోంది. ధుం, ధుం. ఆ తరవాత, ఎవరో ముసలాడు, గొంతు చించుకుని,

"అందుకుంది!"

గదంతా మోగింది. అది అయ్యాక, ఒకటి రెండు మూడు నాలుగు ధుంలు అయ్యాక, అప్పుడు పియానో వచ్చింది.

మూడుసార్లు వేయించుకున్నాను. ఆ ముసలాడి గొంతు మారలేదు.

అరవడమే గాక, అందుకోకముందే అరిచాను. ఒక గుటక ముందు కాదు, నాలుగు దెబ్బల ముందు. అబద్ధం అరిచాను. డిపోలో ఎన్నడూ చేయని పని, నా కూతురి రికార్డులో చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడని అడిగాను, నీకు తెలుసా అని. "మీరు నిద్రలో ఇప్పటికీ అరుస్తారు" అంది. "వారానికి రెండుసార్లు. పొద్దున్నే అడిగితే నేను అరవలేదంటారు. అమ్మాయి వచ్చి కుర్చీ అని చెప్పగానే నాకు తెలిసిపోయింది ఆ కుర్చీ ఎవరో."

ఆగస్టు 24 పేజీ తిప్పి 'కుర్చీ' కొట్టేశాను.

లోపం: నేను.

సెప్టెంబరు 6

ఏమీ వినలేదు.

సెప్టెంబరు 7

సెప్టెంబరు 8, సోమవారం

అమ్మాయే వచ్చి పక్కన కూర్చుంది. సౌండాయన చెప్పినట్టున్నాడు.

"ఎందుకమ్మలూ అబద్ధం చెప్పావు?"

"చెబితే నువ్వు మళ్ళీ రావు. మూల కూర్చుని, నోటికి గుడ్డ కట్టుకుని, శుక్రవారాలు కూడా మానేస్తావు. ఇప్పుడు మానేశావుగా!"

శుక్రవారం సాయంత్రం వింటానన్నది అప్పుడు గుర్తొచ్చింది.

"నాన్నా, నాకు పదకొండేళ్ళప్పుడు ఆ నిలువెత్తు ఫిడేలు చూసి ఊరంతా నవ్వింది. నువ్వొక్కడివే చుట్టూ తిరిగి, తట్టి చూసి, 'బాడీ బాగుంది' అన్నావు. అప్పట్నించీ నేను ఏం వాయించినా నీ చెవి ఆ మూల ఉండాలి. శనివారంది వేసేస్తాను. పోతే పోనీ ఒక పాట."

"నీ పాట కాదే తల్లీ పోయేది. మాస్టారిది."

అప్పుడు ఏడ్చింది. చిన్నప్పుడు పడితే ఏడ్చినట్టే, చప్పుడు లేకుండా.

సెప్టెంబరు 10, బుధవారం

ఆసుపత్రికి వెళ్ళాను. అమ్మాయి కూడా వచ్చింది. మాస్టారి కుడి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది, పడుకోబెట్టిన పసిపిల్లలా. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని.

"మాస్టారూ, ఆ రోజు కుర్చీ కాదు. నేను."

"తెలుసండీ. కుర్చీకి అంత గొంతెక్కడిది?"

"అందుకోకముందే అరిచాను. మీ పాట పాడు చేశాను."

"మేస్త్రీ గారూ, ఇలా కూర్చోండి" అన్నాడు. "ఆ రోజు నేను దారి తప్పాను. పాటలో ఎక్కడున్నానో తెలియలేదు. వేళ్ళు మెట్ల మీద ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. లేచిపోదామనుకున్నాను. నిజం చెబుతున్నాను, స్టూలు వెనక్కి నెట్టబోతున్నాను. అప్పుడు మీరు అందుకుంది అన్నారు. వరండాలో చెప్పారుగా, మీ షిఫ్టులో ఎవరి వేలూ పోలేదని, మీ మాట అబద్ధం కాలేదని. మేస్త్రీ అన్నాడంటే అందుకునే ఉంటుంది, నాకే తెలియడం లేదనుకున్నాను. చెయ్యి కిందికి వేశాను. అంతే నాకు తెలిసింది."

అప్పుడు కూర్చున్నాను.

"అందుకోకముందే అరిచానంటున్నారు" అన్నాడు మళ్ళీ. "ఏదో వినకుండా మీరు అరవరు. ఏం విన్నారు?"

ఏం విన్నాను? అమ్మాయి ఫోను తీసి, చెవిలో పెట్టుకునేవి నాకిచ్చింది. ఈసారి ముసలాడి గొంతు కోసం వినలేదు. దాని ముందుది విన్నాను. అమ్మాయి ధుం, ధుం అని నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఒకచోట కిందికి దిగింది. అక్కడ రెండు దెబ్బలు కలిపి, మెత్తగా. మళ్ళీ అదే చోట, మళ్ళీ రెండు. ముందుకి పోవడం మానేసి నిలబడింది. ఆ మెత్తటి చప్పుడు మీదే నేను అరిచాను.

"ఇదిగో, ఇక్కడ" అన్నాను. "ఇక్కడేదో చేశావు నువ్వు. ఇదేంటి?"

అమ్మాయి మాస్టారి వంక చూసింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

"మాస్టారు నాకు చెప్పిన మొదటి పాఠం నాన్నా" అంది. "పాటలో దారి తప్పితే కంగారుపడి పరిగెత్తకు, ఈ చోటికొచ్చి నిలబడు, నేను వెతుక్కుంటూ వస్తాను అనేవారు. పదకొండేళ్ళప్పుడు నేను రోజూ తప్పిపోయేదాన్ని. రోజూ వచ్చేవారు. మొన్న ఆయన తప్పిపోయారు. నేను ఆ చోటికెళ్ళి నిలబడ్డాను."

నేను విన్నది ఇంజిన్ లేవబోయే చప్పుడే. కాకపోతే అది పియానోలో లేదు, నా కూతురి చేతిలో ఉంది. మెకానిక్కు కొంచెం ముందు విన్నాడు, అంతే.

"ఆ అరుపు తీయకమ్మా" అన్నాడు మాస్టారు. "తీస్తే నేను ఉత్తినే లేచొచ్చినట్టుంటుంది. అంత గొప్పవాణ్ణి కాదు."

సెప్టెంబరు 12, శుక్రవారం

వేస్తున్నారట. కుర్చీతో సహా!

సెప్టెంబరు 19, శుక్రవారం

రికార్డు అట్ట మీద ఏం రాయాలని అమ్మాయి మిగతా ముగ్గురినీ ఫోనులో కూర్చోబెట్టింది. మూడోదానికి పేరు పెడదామంటే మాస్టారు "మూడోదే దాని పేరు, ఇప్పుడు మారిస్తే పిలిస్తే పలకదు" అన్నాడు. తరవాత మేస్త్రీ గారికి ఏ వాయిద్యం రాద్దామని డాక్టరు అడిగాడు. టీచరమ్మ "కుర్చీ" అంది. నేను వద్దన్నాను. జాబ్ కార్డు మీద చెయ్యి పెట్టి పని చేసినవాళ్ళ పేర్లే ఉంటాయి. అరిచినవాడి పేరు ఎక్కడా రాయరు.

"మరి నా పేరు రాయమనండి, వారానికి రెండుసార్లు వినేదాన్ని" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఫోనులో ముగ్గురూ విన్నారు.

అక్టోబరు 10, శుక్రవారం

వచ్చింది!

పొద్దున్నే అయిదింటికే లేచాను. అమ్మాయి ఎప్పటిలాగే మూడు కొత్త రికార్డులు ఏరింది. మొదటిది ఎవరో పంతొమ్మిదేళ్ళ పిల్లది, డ్రమ్ములు. రెండోది తపాలా బండి ఆయన లాంటివాళ్ళే ఎనిమిది మంది, ఎనిమిదీ ట్రంపెట్లే. రెండూ బాగున్నాయి. వాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరో ఒక తండ్రి ఇవాళ అయిదింటికే లేచి ఉంటాడనుకున్నాను. ఏ ఊరో, ఏ భాషో. వాళ్ళందరికీ ఇక్కణ్ణించే ఒక దండం పెట్టాను.

మూడోది మనది.

అందరూ వచ్చారు. మాస్టారిని డాక్టరు కారులో తెచ్చాడు. సోఫా మధ్యలో కూర్చోబెట్టాం. కుడి చెయ్యి ఒళ్ళో, ఎడమ చెయ్యి మా ఆవిడ పక్కన వేసిన దిండు మీద. అమ్మాయి ఎప్పటిలా చదివింది, ఎవరు ఏం వాయించారో, ఏ గదిలో, ఏ రోజు. మాస్టారి పేరు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి చదివింది. మాస్టారు "ఇంకోసారి" అన్నాడు, నవ్వులాటకి అన్నట్టుగా. నవ్వులాట కాదు. మూడోసారీ చదివింది.

పాట నంబరు మూడు. టీచరమ్మ నాలుగు మాటలు ఊది పక్కకి జరిగింది. మాస్టారు గోడ పట్టుకు నడిచాడు. ఆగాడు. అమ్మాయి ఒక్కతే. నేను తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని. ధుం, ధుం. దిగింది. నిలబడింది. ఆ ముసలాడు అరిచాడు. మా ఆవిడ ఉలిక్కిపడి నా మోచెయ్యి పట్టుకుంది, అంతలా వేచి చూస్తూ కూడా. మాస్టారి ఎడమ చెయ్యి దిండు మీద ఒకసారి కిందికి వెళ్ళింది.

పియానో వచ్చింది.

అందరూ వెళ్ళాక మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ. అమ్మాయి విసుక్కోకుండా వేస్తూనే ఉంది. మా ఆవిడ లెక్క ప్రకారం తొమ్మిదిసార్లు.

లోపం: లేదు.
చేసిన పని: విన్నాను.
సంతకం పెట్టాను. పెట్టాక కూడా ఇంకా ఒక మాట రాయాలి, గడిలో పట్టదు, పక్కన రాస్తున్నాను. తొమ్మిదిసార్లూ ఆ ఖాళీ దగ్గర కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. రికార్డులో ఉన్నది మారదని నాకు తెలియదా? తెలుసు. అయినా ప్రతిసారీ, ఈసారి అందుకోదేమోనని భయం.

ప్రతిసారీ అందుకుంటోంది.